ఒంట్లో ఉందా, ఊళ్లో ఉందా?

"వాళ్ళ బాడీలే వేరు సార్!"

ఫిజీ రగ్బీ ప్రస్తావన తెచ్చినప్పుడల్లా నాకు ఎదురయ్యే మాట ఇదే. కందుకూరులోనో కావలిలోనో డివిజన్ స్థాయి స్కూలు పోటీలు జరుగుతుంటే మధ్యాహ్నం భోజనాల దగ్గర మా పీఈటీలు నలుగురం ఒకచోట చేరతాం. కబడ్డీ, ఖోఖో కబుర్లు అయ్యాక మాట ఎటెటో తిరిగి ఒలింపిక్స్ మీదికి వస్తుంది. పసిఫిక్ సముద్రంలో పది లక్షల జనాభా కూడా లేని ద్వీప దేశం, జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ సెవెన్స్‌లో వరసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు, మూడోసారి రజతం ఎట్లా తెచ్చుకుందని నేనడుగుతాను. జవాబు అప్పటికే సిద్ధంగా ఉంటుంది. వాళ్ళ ఎముక వేరు, కండ వేరు, ఆట వాళ్ళ రక్తంలోనే ఉంది, పప్పన్నం తినే మనకెందుకు సార్ ఆ గోల అని తేల్చేస్తారు. నెల్లూరు జిల్లా వాళ్ళు పప్పన్నంతో ఎప్పుడు సరిపెట్టుకున్నారో నాకైతే తెలియదు. ఆ మాట అనేవాళ్ళ టిఫిన్ క్యారియర్‌లోనే చేపల పులుసు ఉంటుంది.

ఈ జవాబు నాకు మొదటినుంచీ మింగుడు పడదు. వినడానికి ఫిజీ వాళ్ళను మెచ్చుకున్నట్టే ఉంటుంది. నిజానికి వాళ్ళు పడ్డ కష్టాన్నీ, మనం చేయని పనినీ ఒకేసారి కప్పేసే మాట అది. రక్తంలో ఉన్నదాన్ని ఎవరేం చేయగలరు? ఇంక మన బాధ్యత ఏముంటుంది? నా వాదన ఒక్కటే. ఆ జట్టు రికార్డును శ్రద్ధగా చూస్తే అది ఒంట్లోంచి కాదు, ఊళ్లోంచి వచ్చిందని తెలుస్తుంది. సాయంత్రం పూట పిల్లలకు దొరికే బయలు, ఆ బయల్లోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు అన్న చరిత్ర, ఈ రెండూ తేల్చినంత ఏ కండా తేల్చలేదు.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అసలు రగ్బీ పదిహేనుమంది ఆడేది, ఎనభై నిమిషాలు. సెవెన్స్‌లో మైదానం అంతే పెద్దది, జట్టుకు మాత్రం ఏడుగురే. ఏడేసి నిమిషాలు రెండు సగాలు, మధ్యలో రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకోవడానికి. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. ఆ తర్వాత గోలు స్తంభాల మధ్య నుంచి తన్నగలిగితే ఇంకో 2. బంతి పట్టుకున్నవాణ్ణి పట్టి పడేయొచ్చు. 1883లో స్కాట్లాండ్‌లోని మెల్‌రోజ్ అనే చిన్న ఊళ్లో క్లబ్బుకు డబ్బులు కావలసి వచ్చి, నెడ్ హేగ్ అనే మాంసం కొట్టు మనిషి ఈ పొట్టి ఆటను కనిపెట్టాడు. కబడ్డీ ఆడినవాడికి ఇది వెంటనే ఎక్కుతుంది. అక్కడా ఏడుగురే, అక్కడా పట్టు తెలియాలి, ఖాళీ ఎక్కడుందో కన్ను పసిగట్టాలి.

ఇక రికార్డు. హాంకాంగ్ సెవెన్స్ 1976లో మొదలైతే మరుసటి ఏడాదే ఫిజీ గెలిచింది. 2019 నాటికి ఆ కప్పు 19 సార్లు వాళ్ళ చేతికి వచ్చింది. 2015 నుంచి 2019 దాకా అయిదేళ్లు ఇంకొకరికి దక్కనే లేదు. 1990ల్లో ఆ టోర్నీని తన ఇంటి పెరడు చేసుకున్న మనిషి వైసలే సెరెవీ. అతని ఆట వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి, చూడండి. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. ఒంగోలు కర్నూలు రోడ్డులో నడిచి పోతే ఎవరూ తల తిప్పి చూడని ఆకారం. ఎదురుగా ఉన్నవాడు తన మీదికి వచ్చేదాకా ఆగి, వాడి అడుగు నేల మీద పడే క్షణంలో పక్కకు జారిపోతాడు. మంచి కూతగాడు చేసే పనే అది.

ప్రపంచకప్ సెవెన్స్‌ను ఫిజీ మూడుసార్లు గెలిచింది. 1997లో హాంకాంగ్‌లో దక్షిణాఫ్రికా మీద 24-21, 2005లో మళ్ళీ హాంకాంగ్‌లోనే న్యూజిలాండ్ మీద 29-19, 2022లో కేప్‌టౌన్‌లో మళ్ళీ న్యూజిలాండ్ మీదే 29-12. ఏడాది పొడవునా దేశదేశాలు తిరుగుతూ ఆడే ప్రపంచ సిరీస్ 1999లో మొదలైతే తొలి ఆరు టైటిళ్ళూ న్యూజిలాండే పట్టుకుపోయింది. ఆ వరస తెంచింది 2005-06లో ఫిజీ, సెరెవీ ఆడుతూనే కోచ్‌గా ఉన్నప్పుడు. తర్వాత 2014-15, 2015-16, 2018-19ల్లోనూ వాళ్ళే.

2016 రియో సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. సెవెన్స్ ఒలింపిక్స్‌లోకి రావడం అదే మొదలు. అప్పటిదాకా ఫిజీకి ఏ ఆటలోనూ ఒక్క ఒలింపిక్ పతకం లేదు, కంచు కూడా. ఆ ఏడాది ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుపాను ద్వీపాల మీద విరుచుకుపడి 44 మందిని పొట్టన పెట్టుకుంది. మన తీరం వాళ్ళకు తుపాను తర్వాతి ఊరు ఎలా ఉంటుందో వివరించి చెప్పక్కర్లేదు. ఆగస్టు 11న బ్రిటన్‌తో ఫైనల్. మొదటి సగం ముగిసేసరికే 29-0. చివరికి 43-7. ఫైనల్ అని పేరే గానీ బ్రిటన్ వాళ్ళు బంతిని చూసిందే తక్కువ. పతకాలు వేస్తుంటే కెప్టెన్ ఒసేయా కొలినిసావ్‌తో సహా జట్టంతా తమ పద్ధతిలో మోకాళ్ళ మీద వంగి, చేతులు దొప్పల్లా చేసి చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడాది ఆ దేశం ఏకంగా ఏడు డాలర్ల నోటు అచ్చు వేసింది. ఏడు డాలర్ల నోటు ఇంకెక్కడైనా ఉందా? (బ్రెజిల్‌కు మన జిల్లా పేరు అప్పటికే చేరి ఉందన్నది వేరే కథ. అక్కడి మాంసం పశువుల్లో పెద్ద జాతి పేరు నెలోరే. మన ఒంగోలు గిత్తల సంతతే. మనవైపు నుంచి రియో దాకా పోయింది ఎద్దులే, ఆటగాళ్ళు కాదు.)

టోక్యో ఒలింపిక్స్ కరోనా వల్ల 2021కి జరిగాయి. ఫిజీ ఆటగాళ్ళు నెలల తరబడి కుటుంబాలకు దూరంగా క్యాంపులో ఉండి, చివరికి చేపలు మోసే సరుకు విమానంలో జపాన్ చేరారు. జులై 28న ఫైనల్లో న్యూజిలాండ్ మీద 27-12. కెప్టెన్ జెర్రీ తువాయి రెండు స్వర్ణాల్లోనూ ఉన్నాడు. అతనిదీ పెద్ద ఆకారం కాదు. సువా పట్నం అంచున పేదల బస్తీలో పుట్టి, ఖాళీ ప్లాస్టిక్ సీసాను బంతి చేసుకుని ఆడుకున్న పిల్లవాడు. అదే ఒలింపిక్స్‌లో అమ్మాయిల జట్టు బ్రిటన్‌ను 21-12తో ఓడించి కంచు తెచ్చింది. ఆ వార్తను మన పేపర్లు పట్టించుకున్నట్టు నాకు గుర్తులేదు. 2024 పారిస్‌లో మాత్రం సొంత జనం మధ్య ఫ్రాన్స్ 28-7తో ఫిజీని ఓడించింది. ఫ్రాన్స్ స్టార్ ఆంత్వాన్ డ్యూపోన్ రెండో సగంలో దిగి ఆట తిప్పేశాడు. ఒలింపిక్స్‌లో వరసగా 17 మ్యాచ్‌లు గెలిచాక ఫిజీకి అదే తొలి ఓటమి.

ఇంతవరకు విని మా పీఈటీలు "చూశారా, మేం చెప్పిందే కదా" అంటారు. రక్తంలో లేకపోతే ఇన్ని కప్పులా అని. అయితే అదే రికార్డులో వాళ్ళు చూడని పేజీలు ఉన్నాయి.

మొదటిది, పదిహేనుమంది ఆట. రక్తమే ఆడేదైతే ఏడుగురిలో ఉన్న రక్తం పదిహేనుమందిలో రెట్టింపుకంటే ఎక్కువ ఉండాలి కదా! అసలు రగ్బీ ప్రపంచకప్‌లో ఫిజీ క్వార్టర్ ఫైనల్ దాటి ఒక్కసారీ పోలేదు. 1987, 2007, 2023, మూడుసార్లూ అక్కడే ఆగిపోయింది. 2007లో వేల్స్‌ను 38-34తో కొట్టిన మ్యాచ్, 2023లో ఆస్ట్రేలియాను 22-15తో కొట్టిన మ్యాచ్ ఎవరూ మరిచిపోలేరు. అయినా అంతే. పదిహేనుమంది ఆటకు ఖర్చు ఎక్కువ. స్క్రమ్ (రెండు జట్లవాళ్ళు తలలు వంచి గుంపుగా నెట్టుకునే పట్టు) నేర్పే కోచ్‌లు కావాలి, ఏళ్ల తరబడి నడిచే ప్రొఫెషనల్ లీగ్ కావాలి, జిమ్ములు, డాక్టర్లు, వీడియో చూసి విడదీసి చెప్పేవాళ్ళు కావాలి. మంచి ఆటగాడు ఎదగగానే ఫ్రాన్స్ క్లబ్బు జీతమిచ్చి తీసుకుపోతుంది. సెవెన్స్‌కు వాటిలో చాలావరకు లేకపోయినా ఆరంభించవచ్చు. బయలు, సాయంత్రం, పద్నాలుగు మంది పిల్లలు ఉంటే చాలు. అదే ఒళ్ళు, అదే తిండి, అదే దేశం. ఫలితం మాత్రం వేరు.

రెండోది, కామన్‌వెల్త్ క్రీడలు. ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలున్న ఈ జట్టుకు కామన్‌వెల్త్‌లో ఒక్క స్వర్ణమూ లేదు. 1998, 2002, 2018లలో ఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో ఓటమి, 2006లో కంచు, 2022 బర్మింగ్‌హామ్ ఫైనల్లో దక్షిణాఫ్రికా చేతిలో 31-7. మన ఢిల్లీలో 2010లో జరిగితే వాళ్ళు రానేలేదు. ఫిజీలో సైనిక కుట్ర తర్వాత కామన్‌వెల్త్ నుంచి సస్పెండ్ అయి ఉన్నారు. కుట్ర చేసింది సైన్యం, ఆట పోగొట్టుకుంది పిల్లలు.

మూడోది జపాన్. రియోలో తొలి మ్యాచ్‌లోనే జపాన్ సెవెన్స్ జట్టు న్యూజిలాండ్‌ను 14-12తో ఓడించింది. సెమీస్ దాకా వచ్చి ఫిజీ చేతిలోనే 20-5తో ఓడి, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో ఫిజీ, టోంగా మూలాలున్నవాళ్ళు కొందరున్న మాట నిజమే, దాచను. మిగిలినవాళ్ళు మాత్రం అన్నం, చేప తిని పెరిగినవాళ్ళే.

అసలు సాక్ష్యం ఇవేవీ కాదు. అది ఫిజీలోనే ఉంది, మనకు చాలా దగ్గరగా ఉంది.

1879 మే 14న కలకత్తా నుంచి బయలుదేరిన లియోనిడాస్ ఓడ ఫిజీ చేరింది. అయిదేళ్ల కూలి ఒప్పందం మీద చెరకు తోటలకు పోయినవాళ్ళు అందులో ఉన్నారు. ఆ ఒప్పందాన్నే వాళ్ళు గిర్మిట్ అన్నారు. 1916 దాకా అట్లా చేరినవాళ్ళు అరవై వేల పైచిలుకు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు నడిచాయి. వాటిలో తమిళులు, మలయాళీలతో పాటు తెలుగువాళ్ళూ ఎక్కారు. అప్పట్లో మన జిల్లాలన్నీ మద్రాసు రాజధాని కిందివే. 1926లో ఫిజీలోని నాండి పట్నంలో సాధు కుప్పుస్వామి దక్షిణాది వాళ్ళ కోసం సంగం పెట్టాడు. 1941లో తెలుగువాళ్ళు విడిగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. సంగాలు కట్టిన బళ్ళు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఈరోజు ఆ దేశ జనాభాలో మూడోవంతు దాకా భారతీయ మూలాలవాళ్ళే.

మరి ఒలింపిక్ రగ్బీ జట్టులో ఆ పేర్లు ఏవి? వెతకండి. రెడ్డి, నాయుడు, రావు, కృష్ణ, ప్రసాద్... కనబడవు. "అదుగో, ఒళ్ళు" అని మళ్ళీ వేలు చూపిస్తారు మావాళ్ళు. ఆగండి. అదే దేశపు ఫుట్‌బాల్ జట్టును చూడండి. రాయ్ కృష్ణ పేరు మన ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ చూసేవాళ్ళకు బాగా తెలుసు. లంబాసాలో పుట్టిన భారతీయ మూలాల కుర్రవాడు, రియో ఒలింపిక్స్‌లో ఫిజీ ఫుట్‌బాల్ కెప్టెన్. 2019-20లో కోల్‌కతా జట్టుకు 15 గోల్స్ కొట్టి టైటిల్ తెచ్చిపెట్టాడు. డిఫెండర్లు ఇద్దరు భుజాలు వేసినా బంతి వదలని మనిషి. ఇతని ఒంట్లో లోపం ఏముంది?

లోపం ఒంట్లో లేదు, నేలలో ఉంది. ఫిజీ మూలవాసుల ఊరు ఎట్లా ఉంటుందంటే, మధ్యలో అందరికీ ఉమ్మడిగా పచ్చిక బయలు, దాని చుట్టూ ఇళ్ళు, ఒక పక్కన చర్చి. గడప దాటితే గ్రౌండే. దేశంలో భూమి ఎక్కువ భాగం వాళ్ళ వంశాల ఉమ్మడి ఆస్తి, అమ్మడానికి వీల్లేదు. కాబట్టి ఆ బయలు ప్లాట్లుగా మారదు. సాయంత్రమైతే చిన్నా పెద్దా దిగుతారు. బూట్లు లేకుండానే, పట్టి పడేయడం కాకుండా ముట్టుకుంటే చాలనే పద్ధతిలో ఆడతారు. అందుకే అంత వేగంగా బంతి చేతులు మారుతుంది. గిర్మిట్ కూలీలకు ఇట్లాంటి ఊరు దొరకలేదు. ముందు కంపెనీ కట్టిన కూలి లైన్లలో కుక్కారు. తర్వాత ఆస్ట్రేలియా చక్కెర కంపెనీ పదేసి ఎకరాలు కౌలుకిస్తే, ఆ చెరకు మధ్యలో ఎవరి ఇల్లు వాళ్ళది. ఇంటికీ ఇంటికీ మధ్య పొలం. కౌలు ఎప్పుడు పోతుందోనన్న దిగులు. అక్కడ ఉమ్మడి బయలు ఏది? కౌలు డబ్బు మిగిలితే బడి కట్టుకున్నారు, పిల్లల్ని చదివించారు.

"మరి ఫుట్‌బాల్‌కూ గ్రౌండు కావాలి కదా సార్" అని ఒకాయన నన్ను పట్టుకున్నాడు. మంచి ప్రశ్న. ఫుట్‌బాల్ వాళ్ళు బడి మైదానాల్లో, జిల్లా క్లబ్బుల్లో ఆడారు. 1938లో మొదలైన సంఘం పేరే ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్. 1961దాకా పేరు మారలేదు. రగ్బీ సంగతి చూస్తే, 1913లో తెల్లవాళ్ళకొక సంఘం, 1915లో మూలవాసులకు ఇంకొకటి, ఆ రెండూ 1945లో కలిశాయి. భారతీయుడికి ఏ వైపు నుంచీ తలుపు లేదు. ఒక్కో జాతిని ఒక్కో దొడ్డిలో కట్టేసిన దొరల పాలన ఆటల్లోనూ అదే పని చేసింది. దొరలు పోయాక గోడలు కూలాయా అంటే అదీ లేదు. 1987 మే 14న, సరిగ్గా గిర్మిట్ ఓడ చేరిన తేదీనే, భారతీయులు ఎక్కువగా ఉన్న ప్రభుత్వాన్ని కూలదోసిన సైనికాధికారి సిటివేని రబుకా ఒకప్పుడు ఫిజీకి రగ్బీ ఆడినవాడే. 2000లో మళ్ళీ కుట్ర. వేలమంది మనవాళ్ళు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దారి పట్టారు. ఇంత చరిత్రను వదిలేసి తొడ కొలతలు మాట్లాడుకుంటే ఎట్లా?

ఒంటికి పాత్రే లేదని నేననను. భారీ ఒళ్ళున్న ఫిజీ ఆటగాడు జోసువా తుయ్‌సోవా పరిగెత్తి వస్తుంటే అడ్డం పడమని నన్నెవరైనా అడిగితే మెడికల్ సెలవు పెడతాను. కానీ ఒళ్ళు కూడా బయలు చేతిలోనే తయారవుతుంది. పదేళ్ళ పిల్లవాడు రోజూ రెండు గంటలు పరిగెత్తితే పద్దెనిమిదేళ్ళకు వచ్చే తొడ వేరు, ట్యూషన్‌లో కూర్చుంటే వచ్చే తొడ వేరు.

ఇంకో అపోహ కూడా ఉంది. పేదరికంలో పుట్టిన సహజ ప్రతిభ, శిక్షణ లేకపోయినా గెలిచేస్తుంది అని. ఇదీ అబద్ధమే. 2013లో బెన్ రయాన్ అనే ఇంగ్లండ్ కోచ్ వచ్చేనాటికి ఫిజీ ఏళ్లుగా ప్రపంచ సిరీస్ గెలవలేదు. యూనియన్ దగ్గర డబ్బుల్లేక మొదటి నెలల్లో ఆయనకు జీతమే అందలేదు. సింగటోకా ఇసుక దిబ్బల మీద జట్టును ఎక్కించి దించాడు. ఫిట్‌నెస్, తిండి, నిద్ర అన్నీ లెక్కలోకి తెచ్చాడు. జట్టులో జైలు ఉద్యోగులు, హోటల్లో సామాన్లు మోసేవాళ్ళు ఉన్నారు. మూడేళ్ళలో రెండు సిరీస్‌లు, ఒక ఒలింపిక్ స్వర్ణం. జనం ఆయనకు భూమి ఇచ్చి, పెద్దమనిషి హోదాతో పేరు పెట్టుకున్నారు. టోక్యో స్వర్ణం వేల్స్ మనిషి గారెత్ బేబర్ కోచింగ్‌లో వచ్చింది. కోచ్ పన్నెండు మందికి సాన పడతాడు. ఆ పన్నెండు మందిని ఏరుకోవడానికి వేలమంది ఆడుతూ ఉండాలి, వాళ్ళను తయారు చేసేది ఊరే. అక్కడ ప్రతి ఊరికీ జట్టు ఉంటుంది, చందాలు వేసుకుని టోర్నీలకు పంపుతారు. 1976 నుంచి నడుస్తున్న మారిస్ట్ సెవెన్స్ లాంటి పోటీల్లో సెలెక్టర్లు కూర్చుంటారు. ఊరి జట్టులో ఆడినవాడు నేరుగా దేశం జట్టులోకి పోయిన సందర్భాలున్నాయి.

ఇదంతా మనకు కొత్తా? సంక్రాంతికి బండలాగుడు పోటీలకు దాతలు లక్షలు ఇస్తారు. శ్రీరామనవమికి ఊరూరా కబడ్డీ పందేలు. ఎద్దుల జతను సాకడానికి రైతు పెట్టే ఖర్చు, చూపే ప్రేమ నేనెరుగుదును. చందా వేయడం తెలియని ఊళ్ళు కావు ఇవి. తగ్గిపోతున్నది బయలు. తీరం వెంబడి ఊళ్ళలో రొయ్యల గుంటలు వచ్చాక ఊరి పక్క ఖాళీ నేల అన్నదే మాయమైంది. ఎండాకాలం చెరువు ఎండితే అదే గ్రౌండు, వాన పడితే అదీ లేదు. పట్నంలో అపార్ట్‌మెంట్లలో నడిచే కాలేజీల పిల్లలకు మెట్లెక్కడమే వ్యాయామం. మిగిలిన పెద్ద బయళ్ళు జడ్పీ హైస్కూళ్ళవే. వాటికి సాయంత్రం బడి వదలగానే తాళం పడుతుంది. హెడ్మాస్టరును తప్పు పట్టలేను. గేటు తెరిస్తే చీకటి పడ్డాక సీసాలు తేలతాయి. పిల్లవాడికి చెయ్యి విరిగితే సంజాయిషీ ఆయనే ఇచ్చుకోవాలి. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఎనిమిదో తరగతి దాటితే "ఇంక ఆటలేంది సార్, పెద్దదైంది" అంటారు. కబడ్డీలో జిల్లా జట్టుకు ఎంపికైన అమ్మాయి ఇంటికి పోయి నాయన్ని బతిమాలాల్సి వస్తుంది. ఆయన అడిగే మొదటి ప్రశ్న: "దీనికి కోటా ఉద్యోగం ఉందా సార్?"

దేశం మొత్తమ్మీద మన రగ్బీ కథ కూడా బయలు కథే. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో రగ్బీ ఆడారు. ఆ క్లబ్బు మూతబడుతూ బ్యాంకులోని వెండి రూపాయలు కరిగించి చేయించిన కప్పు కోసమే ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఇప్పటికీ ఏటా పోటీ పడతాయి. కప్పు మీద ఏనుగు, పిడులు నాగుపాములు. అంత పాత ఆట మనది. కానీ జింఖానా క్లబ్బుల గోడ దాటి బయటికి రాలేదు. జాతీయ సంఘం పుట్టిందే 1998లో. గోడ దాటింది ఎక్కడంటే ఒడిశా గిరిజన పిల్లల హాస్టళ్ళలో, బిహార్ పల్లెల్లో. భువనేశ్వర్ కిస్ స్కూలు పిల్లలు 2007లో లండన్ పోయి అండర్-14 టోర్నీ గెలిచి వచ్చారు. ఈనాడు భారత మహిళల జట్టుకు వెన్నెముక ఒడిశా, బిహార్ అమ్మాయిలు. బిహార్ అమ్మాయి స్వీటీ కుమారిని ఖండంలోనే వేగవంతమైన ఆటగత్తెగా చెప్పుకున్నారు. వాళ్ళకు హాస్టలు ఉంది, హాస్టలు ముందు గ్రౌండు ఉంది, సాయంత్రం తాళం వేసేవాడు లేడు. ఆసియా క్రీడల్లో మనం ఇంకా చివరి వరసలోనే ఉన్నాం, అది వేరే మాట. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా పెట్టారు. ఆరు జట్లు, అందులో హైదరాబాద్ పేరుతో ఒకటి. చెన్నై గెలిచింది. విదేశీ స్టార్లు వచ్చారు, టీవీలో వచ్చింది. మంచిదే. కానీ పైనుంచి నీళ్ళు పోస్తే వేరు దాకా దిగుతాయన్న నమ్మకం నాకు తక్కువ.

రక్తం సిద్ధాంతం మీద చివరగా ఒక మాట. మన కబడ్డీ గురించి కూడా మనం ఇదే అనుకున్నాం. 1990 నుంచి 2014 దాకా ఆసియా క్రీడల్లో ఏడు స్వర్ణాలూ మన మగవాళ్ళవే. 2018లో జకార్తాలో సెమీస్‌లో ఇరాన్ 27-18తో కొట్టింది. అమ్మాయిలూ ఫైనల్లో ఇరాన్ చేతిలోనే 27-24తో ఓడారు. ఇరాన్ పిల్లలు కుస్తీ అడ్డాల్లో పెరిగినవాళ్ళు, పట్టు నేర్చుకున్నవాళ్ళు. మనవాళ్ళ రక్తం ఆ రోజు ఏమైందో మా పీఈటీలెవరూ చెప్పలేదు. రెఫరీని తిట్టారు.

అందుకే "జిల్లాకొక రగ్బీ అకాడమీ" అన్న ప్రతిపాదన వినగానే నాకు పెద్దగా ఉత్సాహం రాదు. అకాడమీ అంటే బోర్డు, శంకుస్థాపన, ఆ తర్వాత గడ్డి. నేనడిగేది చాలా చిన్నది. జడ్పీ బడి గేటు రాత్రి ఏడింటిదాకా తెరవనివ్వండి. పంచాయతీ ఒక వాచ్‌మన్‌ని పెట్టాలి, రెండు లైట్లు వేయాలి, దెబ్బ తగిలితే హెడ్మాస్టరు మెడకు చుట్టుకోకుండా ఊరి కమిటీ పూచీ పడాలి. పిల్లలు రగ్బీయే ఆడాలని కూడా నేననను. చెడుగుడు ఆడతారో, ఫుట్‌బాల్ ఆడతారో వాళ్ళిష్టం. మైపాడులో, కొత్తపట్నంలో ఇసుక ఉంది. సింగటోకా దిబ్బల అంత ఎత్తు లేకపోవచ్చు, ఇసుకలో పరిగెత్తితే పిక్కలు మాత్రం అక్కడా ఇక్కడా ఒకేలా నొస్తాయి.

2030 కామన్‌వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. 2026 గ్లాస్గోలో సెవెన్స్‌ను తీసేశారు కాబట్టి ఫిజీకి ఆ స్వర్ణం బాకీ ఇంకా అట్లానే ఉంది. అహ్మదాబాద్‌లో సెవెన్స్ పెడితే వాళ్ళు ఆ బాకీ తీర్చుకోవడానికి మన దేశం రావాలి. అప్పటికి ఆడే వయసు వచ్చే పిల్లలు ఇప్పుడు మా స్కూల్లో తొమ్మిది, పది చదువుతున్నారు.

ఈ సంక్రాంతికి మా ఊరి కమిటీ ముందు ఒక మాట పెట్టాను. కబడ్డీతో పాటు పిల్లలకు ఏడుగురేసి ముట్టుకునే రగ్బీ పెడదాం, బంతులు నేను తెస్తానని. "అదేం ఆట మేష్టారూ, కోడిగుడ్డు లాంటి బంతి" అని కాసేపు నవ్వారు. తర్వాత ఒకాయన గెలిచిన జట్టుకు పొట్టేలు ఇస్తానన్నాడు. ఆడపిల్లల జట్టుకు కూడా ఇస్తావా అని అడిగితే కొంచెం ఆలోచించి సరేనన్నాడు. కబడ్డీ ఫైనల్ టైం మాత్రం మార్చేది లేదని కమిటీ ముందే చెప్పేసింది.